చోక్ నాబుకు ఉన్ని కంకణం

మీ కార్లకు ఇప్పుడు తాళంచెవి కూడా అక్కర్లేదని విన్నాను. బొత్తాం నొక్కితే లేస్తాయట. చలి అయినా ఎండ అయినా వాటికి ఒకటేనట. సంతోషం. నేను ఉద్యోగం చేసినంత కాలం నడిపిన బండికి ఆ గుణం లేదు. దానికి మర్యాద కావాలి. చలికాలం పొద్దున మరికొంచెం ఎక్కువ కావాలి. ఆ మర్యాద తెలిసినవాణ్ణి కాబట్టే నాకు ఆ కొలువు దొరికింది. ఇంకే అర్హతా నాకు లేదని మా సేటు వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

సూర్యాపేటలో పెళ్లిళ్లకు కార్లు కిరాయికి ఇచ్చే దుకాణం మాది. మాది అంటే సేటుది. అక్కడ ఉన్నవన్నీ తెల్లటి కొత్త కార్లు, ఏసీవి. ఒక్కటి మాత్రం నల్లటి పాత అంబాసిడర్. పెట్రోలు ఇంజను, కార్బురేటరు. పెళ్లికొడుకును పాత కారులో కూర్చోబెట్టి ఫొటోలు తీయించుకోవడం జనానికి ముచ్చటయ్యాక దానికి గిరాకీ పెరిగింది.

ఆ బండి ఒకప్పుడు మా తాతది. ఈ సంగతి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను కానీ, చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. ఆత్మకూర్ (ఎస్) దిక్కు ఒక ఊళ్లో మాకు గడి ఉండేది. గడి అంటే ఊరి దొర ఉండే ఇల్లు. రాతి గోడలు, పెద్ద దర్వాజ. మా తాతే ఆ దొర. భూములు కొన్ని సీలింగు కింద పోయాయి, మిగిలినవి మా నాన్న తెలివితేటల కింద పోయాయి. కారు మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు యజమాని కొనుక్కున్నాడు. అక్కడి నుంచి చేతులు మారి మారి సేటు దగ్గరికి వచ్చింది. దాని వెనక కొన్నాళ్లకు నేనూ వచ్చాను. తెలిసినవాళ్లు దీన్ని విధి అన్నారు. విధి ఏమీ లేదు. నాకు పని కావాలి, సేటుకు చలికాలంలో ఆ బండిని లేపే మనిషి కావాలి. చిన్నప్పుడు మా తాత డ్రైవరు దాన్ని లేపుతుంటే అరుగు మీద నిలబడి రోజూ చూసేవాణ్ణి. నా చదువులో పనికొచ్చింది అదొక్కటే.

బండి నడిపేటప్పుడు నేను వీపు సీటుకు ఆనించను. మా ఇంట్లో అలా కూర్చోవడమే నేర్పారు. ఫొటోల్లో పెళ్లికొడుకు కంటే డ్రైవరే పెళ్లికొడుకులా ఉన్నాడని ఒకటి రెండు ఫిర్యాదులు వచ్చాయి.

"జర వంగి కూసో దొరా. గిరాకీ పోతది" అనేవాడు సేటు.

"వంగితే రోడ్డు కనపడదు సేటూ."

"నిన్నెవలు రోడ్డు సూడమన్నరు? ముంగట డప్పులోల్లుంటరు, ఆల్ల ఎనక పోవుడే గద."

సేటు నన్ను దొరా అని పిలవడం ఎగతాళికే. కానీ ఏళ్ల తరబడి పిలిచేసరికి అది నా పేరు అయిపోయింది. ఒకసారి కొత్త గుమాస్తా హాజరులో అదే రాశాడు.

ఇక చలి సంగతి. కార్బురేటరు పని గాలిని, పెట్రోలును కలిపి ఇంజనుకు అందించడం. చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అప్పుడు గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచాలి. దానికి స్టీరింగు పక్కన ఒక నల్లటి నాబు ఉంటుంది, దాన్ని చోక్ అంటారు. బయటికి లాగాలి, ఎక్సిలేటరు ఒకటి రెండు సార్లు తొక్కి వదలాలి, తాళం తిప్పాలి. ఇంజను అందుకోగానే నాబును కొంచెం కొంచెంగా లోపలికి నెట్టాలి. అంతే. అయితే ఎక్కువ తొక్కితే పెట్రోలు నిండిపోయి ఇంజను మునుగుతుంది. తక్కువ తొక్కితే లేవదు. ఎక్కువకూ తక్కువకూ మధ్యన ఉన్నదే నా ఉద్యోగం.

నాకు ఇందులో మెళకువలు నేర్పింది మిర్యాలగూడలో ఒక మేస్త్రీ. ఏటా చలికాలం మొదట్లో బండిని ఆయన దగ్గరికి తీసుకెళ్లి కార్బురేటరు కడిగించేవాణ్ణి. ఆయన పని చేస్తూ బండితో మాట్లాడేవాడు, నాతో కాదు. నాతో మాట్లాడింది తక్కువ. "దొరవారూ, ఇది అలిగిన అల్లుని లెక్క. ఒక్కపారి పిలిచి ఊకోవాలె. మల్ల మల్ల పిలిస్తే తలుపేసుకుంటడు" అన్నది అందులో ఒకటి. ఆయన అల్లుడు అక్కడే కూర్చుని నట్లు తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు.

ఇంత తెలిసినా ఒకసారి దెబ్బతిన్నాను. కోదాడలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు ఎండ వచ్చింది కదా అని చోక్ లాగకుండా తాళం తిప్పాను. తర్వాత కంగారులో అతిగా లాగాను. ఇంజను మునిగింది. తోస్తే లేచేదే. కానీ పెళ్లి కారును తోయడం అపశకునం, ఏ పెళ్లికొడుకు తండ్రీ ఒప్పుకోడు. ఆ పెళ్లికొడుకు బాసింగంతో ఆటోలో వెళ్లాడు. అప్పటినుంచి నా వెనక ఒక తెల్ల కారును కూడా పంపడం సేటు అలవాటు చేసుకున్నాడు. దాన్ని నడిపేది కోదాడ మనిషి. మంచివాడే. అయితే చలికాలంలో పొద్దున కనపడగానే, "ఏవండీ దొరగారూ, మీ బండికి టీ తాగించారా?" అని అడగకుండా ఉండలేడు.

ఒక ఏడాది మార్గశిరంలో ఒక ముసలమ్మ దుకాణానికి వచ్చింది. కొడుకు బైకు మీద తీసుకొచ్చాడు. గొర్లు కాసుకునే కుటుంబం. మనవడు మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు, వాడి పెళ్లి. పిల్లది కోదాడ, పెళ్లి కూడా అక్కడే. ముసలమ్మ బల్ల మీద కూర్చుని నేరుగా విషయానికి వచ్చింది.

"పాత నల్లకారు మీ తాన్నే ఉన్నదట."

"ఉన్నదవ్వా. కాని అండ్ల ఏసీ లేదు. తెల్లది తీస్కో, నీ మనుమడు సల్లగ కూసుంటడు" అన్నాడు సేటు.

"సలికాలంల సల్లగ కూసునుడేంది? నాకు నల్లదే కావాలె. గదీ పాత తొవ్వల పోవాలె. గడి ముంగటికెల్లి పోవాలె."

ఏ గడి అని సేటు అడిగాడు. ఆమె ఊరు పేరు చెప్పింది. అది మా ఊరు.

తర్వాత ఆమె చెప్పింది విన్నాను. ఆమె పెళ్లయి అత్తగారింటికి పోయేనాడు ఎడ్లబండి మా ఊరి మీదుగా వెళ్లింది. గడి ముందు బండెక్కి పోకూడదన్నది అప్పటి కట్టుబాటు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ బండి దిగారు. డప్పులు ఆపారు. చెప్పులు చేతిలో పట్టుకుని, తలలు దించుకుని గడి దాటేదాకా నడిచారు. అదే సమయానికి దొర కారు బయటికి వస్తే రోడ్డు పక్కన మురుగు మోరీలో దిగి నిలబడ్డారు. పెళ్లిచీర తడిసింది.

"కాల్ల పసుపు సుత ఆరలె నాయి" అన్నది. "మల్ల ఆ తొవ్వ తొక్కలె నేను. సుట్టు తిరిగి పోయిన గాని గాడికెల్లి పోలె. నా మనుమడు అదే కార్ల కూసోని, అదే గడి ముంగట, డప్పులు కొట్టుకుంట పోవాలె. నేను ముంగట సీట్ల కూసుంట. గది నా కోరిక. ఆనికి లేదు, నాకే."

కొడుకు సిగ్గుపడుతూ గోడ వైపు చూశాడు. సేటు మాత్రం ఉత్సాహంగా నన్ను చూపించాడు. సమయం దొరికితే వదిలే మనిషి కాదు.

"గా దొర మనుమడు గీడనే ఉన్నడవ్వా. గీయననే బండి నడిపేది."

పెద్దవాళ్లు వస్తే లేచి నిలబడాలి కాబట్టి నేను అప్పటికే నిలబడి ఉన్నాను. ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"డ్రైవరువా?"

"అవును."

"తాగుతవా?"

"తాగను."

"మరి ఇంకేంది, మంచిదే" అన్నది. కొడుకుతో బయానా ఇప్పించింది.

వాళ్లు వెళ్లాక సేటు కొంచెం మెత్తబడ్డాడు. "దొరా, నీకు తక్లీఫ్ అనిపిస్తే చెప్పు. కోదాడాయన్ని నల్లదాని మీద పంపుత."

"చలిలో ఆయన లేపుతడా?"

బండి మా తాతది, కిరాయి సేటుది, కోపం ముసలమ్మది. డ్యూటీ నాది. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

పెళ్లికి ముందు సాయంత్రమే బండి వాళ్ల ఊరికి తీసుకెళ్లాను. వెనక తెల్ల కారులో కోదాడ డ్రైవరూ వచ్చాడు. తెల్లవారి పెందరాళే బయల్దేరాలి. వాకిలి నిండా చుట్టాలు, పక్కన దొడ్డి నిండా గొర్రెలు. బండి ఆపగానే పిల్లలు మూగారు. ముసలమ్మ వచ్చి చుట్టూ ఒకసారి తిరిగి, గొర్రెను కొనేవాళ్లు చూసినట్టు ముందు వెనక తట్టి చూసింది. తలుపు తీసి లోపలికి తొంగి చూసింది.

"పొద్దుగాల లేస్తదా ఇది? లేవదని మీ కోదాడాయన చెప్పిండు."

ఈ ప్రశ్న నలుగురి ముందు అడగకపోతే బాగుండేది. అడిగింది కాబట్టి నలుగురికీ వినపడేట్టు జవాబు చెప్పాను. కార్బురేటరు ఏమిటో, చలికి పెట్రోలు ఎందుకు మొరాయిస్తుందో, ఈ విద్య ఇప్పుడు ఎంతమందికి తెలుసో చెప్పాను. చివరికి చోక్ నాబు మీద వేలు పెట్టి, "చలికాలం దీని పానం ఇండ్లనే ఉంటదవ్వా. ఇది మంచిగుంటే బండి మంచిగున్నట్టే" అన్నాను. ఆమె శ్రద్ధగా విని తల ఊపింది. అంత శ్రద్ధగా వినేవాళ్లు నాకు చాలాకాలంగా దొరకలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఉపన్యాసం కొంచెం చిన్నదిగా ఉండాల్సింది.

ఆడవాళ్లు బండికి పూజ చేసుకుంటామన్నారు. తాళంచెవి పెట్టి లేదు కదా అని తలుపు తీసే ఉంచి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాను. వాళ్లు చూపించిన గదిలో భోజనం చేసి పడుకున్నాను.

తెల్లవారుతుండగా లేచి వస్తే మంచు. దొడ్డిలో గొర్రెలు వినపడుతున్నాయి కానీ కనపడటం లేదు. నోట్లోంచి పొగ వస్తోంది. బానెట్టు మీద గొంగడి కప్పి ఉంది. పెద్దది, నల్లది, అంచులు బంపరు దాకా దించి రాళ్లు పెట్టారు. మా తాత డ్రైవరు గోనెసంచులు కప్పేవాడు. గొంగడి అంతకంటే మేలు. కింద చెయ్యి పెట్టి చూస్తే రేకు మీద తడి లేదు.

"ఎవరు కప్పిండ్రు?" అన్నాను.

"నేనే. గొర్రెపిల్లకు కప్పమా? గట్లనే" అన్నది ముసలమ్మ. అప్పటికే పట్టుచీర కట్టుకుని కూర్చుంది. కాళ్లకు కొత్త చెప్పులు.

సంతోషంగా తలుపు తీశాను. చోక్ నాబుకు కంకణం కట్టి ఉంది.

పెళ్లిలో రోలుకూ రోకలికీ కుండలకూ కంకణాలు కట్టడం మీరు చూసే ఉంటారు. మనలో చాలామందికి అది పత్తి దారం. వీళ్ల ఇంటివాళ్లది ఉన్ని కంకణం. గొర్రె ఉన్ని వడికి, పేని, పసుపు నీళ్లలో ముంచిన దారం. నాబు మెడకు చుట్టి, అక్కడి నుంచి స్టీరింగు కింది గొట్టానికి లాగి చుట్టి, మధ్యలో పసుపుకొమ్ము పెట్టి, ముడి మీద ముడి వేశారు. తడి ఉన్ని ఆరి బిగుసుకుంది. నాబు పూర్తిగా లోపలికి దిగి ఉంది. రెండు వేళ్లతో లాగి చూశాను. ఎద్దును కట్టేయొచ్చు.

"అవ్వా, ఇది..."

"నేనే కట్టిన. నువ్వే చెప్పితివి గద, పానం గాడనే ఉంటదని. పానానికి కడితే బండంతకు కట్టినట్టే."

"దీన్ని ఇప్పాలె. ఇది బయటికి గుంజితేనే బండి లేస్తది."

వాకిట్లో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పెండ్లి ఒడువక ముందే కంకణం ఇప్పుతరా? మీ ఇంట్ల ఇప్పుతరా?"

"ఇప్పరు."

"మరి?"

కంకణం జోలికి పోకుండా డ్రైవరు సీట్లో కూర్చున్నాను.

చోక్ లేకుండానే తాళం తిప్పాను. స్టార్టరు మూలిగింది, ఇంజను ఉలకలేదు. మళ్లీ తిప్పాను. మూలుగు ఇంకొంచెం నీరసంగా వచ్చింది. బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో తెలియదు కాబట్టి చెయ్యి తీసేశాను. ఈలోగా ముసలమ్మ వచ్చి ముందు సీట్లో కూర్చుంది. మంగళహారతి ఇచ్చి పెళ్లికొడుకును తెచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టారు. ఒకసారి కూర్చున్నాక పెళ్లికూతురి వాకిట్లో తప్ప కాలు కింద పెట్టకూడదట.

కోదాడ డ్రైవరు తెల్ల కారు తిప్పి పెట్టుకుని వచ్చాడు. గొంతు తగ్గించి, "దొరగారూ, నా దగ్గర బ్లేడు ఉందండీ. మీరు వాళ్లను మాటల్లో పెట్టండి, నేను లోపల కోసేస్తాను. మళ్లీ ముడేసినట్టు పెడదాం. ఎవరు చూస్తారండీ?" అన్నాడు.

మా వంశంలో చాటుగా పనులు చక్కబెట్టినవాళ్లు కొందరు ఉన్నారు. వాళ్ల తర్వాత ఇంటికి ఏం మిగిలిందో నాకు తెలుసు. వద్దన్నాను.

ముసలమ్మ కొడుకు, అంటే పెళ్లికొడుకు తండ్రి, గడియారం చూసుకుంటున్నాడు. కోదాడ దూరం, ముహూర్తం ఆగదు. "అవ్వా, తెల్లకార్ల పోదాం. కొత్త రోడ్డు మీదికెల్లి జల్ది పోతం. మామ ఎత్తుకొని మారుస్తడు, కాలు కింద వెట్టకుంట" అన్నాడు. మేనమామ వచ్చి పెళ్లికొడుకు ఒళ్లు ఒకసారి అంచనా వేసి, చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీనులో భోజనం బాగా పెడతారనుకుంటాను.

ముసలమ్మ నల్ల కారు ముందు సీట్లో కూర్చునే ఉంది. గొంతు పెంచలేదు.

"పోండ్రి. పెండ్లి ఆగొద్దు. నేను రాను. నేను ఇంటికాడ గొర్లను సూసుకుంట."

"గట్లంటవేందే? నువ్వు లేక పెండ్లేంది?"

"నేను రాను బిడ్డా. మల్లెన్నడు తొక్కని తొవ్వ, ఈ బండ్లనయితేనే తొక్కుత. లేకుంటే లేదు."

పెళ్లికొడుకు వెనక నుంచి, "అంకుల్, ఏమన్న చెయ్యిండ్రి అంకుల్" అన్నాడు. బాసింగం కింద వాడి కళ్లు తడిగా ఉన్నాయి.

అప్పుడు మిర్యాలగూడ మేస్త్రీ ఒకసారి నాబు తీగ తెగినప్పుడు చేసింది గుర్తొచ్చింది. చోక్ చేసే పని గాలికి అడ్డం పడటమే. ఆ అడ్డం చెయ్యి కూడా పెట్టగలదు. బానెట్టు ఎత్తి, గాలిని వడకట్టే డబ్బా విప్పి పక్కన పెట్టాను. కార్బురేటరు నోటికి అరచెయ్యి మూసి పెట్టాలి, లోపల ఇంకొకరు తాళం తిప్పాలి. ఇంజను అందుకున్నాక చెయ్యి మెల్లగా తెరవాలి. అయితే తాళం తిప్పేవాళ్లు ఎక్సిలేటరు జోలికి పోకూడదు.

పెళ్లికొడుకు దోస్తు ఒకడు ముందుకు వచ్చాడు. డ్రైవింగు వచ్చా అంటే ఫస్ట్ క్లాస్ అన్నాడు. ఎక్సిలేటరు ముట్టొద్దని చెప్పాను. తల ఊపాడు. తాళం తిప్పీ తిప్పగానే పొట్టేలును తొక్కినట్టు తొక్కాడు. పెట్రోలు వాసన గుప్పుమంది. మునిగింది.

"అలవాటు అంకుల్, కాలు అదే పోయింది" అన్నాడు.

ఆరేదాకా ఆగాలి. డప్పులవాళ్లు బీడీలు ముట్టించారు, నేను వాళ్లను దూరం పొమ్మన్నాను. కోదాడ డ్రైవరును అడుగుదామని చూస్తే, పెళ్లికొడుకు తండ్రి అతన్ని తెల్ల కారులో కూర్చోబెట్టి ఇంజను ఆన్‌లో ఉంచమన్నాడు. మేనమామ వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. నేనంటే నేనని కుర్రవాళ్లు ముందుకు వస్తున్నారు. అందరికీ కాళ్లు ఉన్నాయి. అదే భయం.

"నేను తిప్పుత" అన్నది ముసలమ్మ.

ఆమె అటునుంచి ఇటు జరిగి డ్రైవరు సీట్లో కూర్చుంది. తల స్టీరింగుకు కొంచెం పైన కనపడుతోంది. కిందకు వంగి చూశాను. కొత్త చెప్పులు గాలిలో వేలాడుతున్నాయి. పెడలుకు జానెడు దూరం. ఆ వాకిట్లో ఈ పనికి తగిన మనిషి ఆమె ఒక్కతే.

ఆ సీట్లో ఆమె కూర్చోవడం గురించి ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో, ఒక మాట. మా తాత ఎప్పుడూ ఆ సీట్లో కూర్చోలేదు. అది ఎప్పుడూ పనివాళ్ల సీటే. కాబట్టి వంశ మర్యాదకు సంబంధించిన ప్రశ్న అక్కడ లేదు.

"నేను ఊ అంటే తిప్పు. చాలు అంటే ఇడిసెయ్యి. ఇంకేం ముట్టకు."

"గింతేనా? గొర్రెకు బొచ్చు కత్తిరించుడు కంటె అల్కనే."

గేరు చూసుకున్నాను, హ్యాండ్ బ్రేకు చూసుకున్నాను. ముందుకు వెళ్లి నడుము దాకా బానెట్టు కింద వంగి అరచెయ్యి మూశాను. ఇనుము చల్లగా కొరికింది.

"ఊ."

స్టార్టరు తిరిగింది. కార్బురేటరు నా చేతిని లోపలికి పీల్చింది. ఒక దగ్గు వచ్చింది.

"చాలు."

ఆమె వెంటనే వదిలేసింది. నా జీవితంలో చెప్పినప్పుడు చెప్పినంతే చేసిన మనిషిని నేను అప్పుడే చూశాను.

"ఊ."

మళ్లీ దగ్గు. బ్యాటరీ గొంతు బొంగురుపోతోంది. పెళ్లికొడుకు తండ్రి, "ఇగ చాలు, మార్చుదాం" అన్నాడు. మేనమామ తలుపు తీశాడు.

"ఒక్కపారి" అన్నది ముసలమ్మ, నన్ను అడగకుండానే తాళం తిప్పుతూ.

ఇంజను తుమ్మింది. కార్బురేటరు నోటి నుంచి మంట ఒకటి నా చేతి మీదుగా లేచి పోయింది. మణికట్టు మీద వెంట్రుకలు కాలిన వాసన. చెయ్యి తీయలేదు. తీస్తే ఆగిపోతుంది. రెండో తుమ్ముకు అందుకుంది. బండి మొత్తం వణికింది, తర్వాత వణుకు వరస పట్టింది. చిటికెనవేలు ఎత్తాను. నిలబడింది. దాని పక్కది ఎత్తాను. ఒక్కొక్క వేలూ ఎత్తుతూ, ఇంజను వేడెక్కేదాకా అలాగే వంగి ఉన్నాను. మొహం నిండా మసి, తెల్లచొక్కా చెయ్యి మోచేతి దాకా నల్లగా ఉంది. కోదాడ డ్రైవరు ఫొటో తీశాడు. అది తర్వాత దుకాణంలో సేటు బల్ల మీద అద్దం కింద చాలాకాలం ఉంది.

గాలి డబ్బా బిగించి వచ్చాను. "దిగాలె అవ్వా."

"జరంత సేపుండు. గీడ కూసుంటే మంచిగ కనవడ్తుంది" అన్నది. ఒక చెయ్యి స్టీరింగు మీద వేసి, మంచులోకి ఒకసారి చూసి, పక్కకు జరిగింది.

పాత తోవలో వెళ్లాం. ముందు ట్రాలీ ఆటోలో డప్పులు, వెనక మేము, మా వెనక తెల్ల కారు. కాలువ కట్ట దాటాక మంచు విచ్చింది. వరి కోసిన మడుల్లో గొర్రెలు మేస్తున్నాయి. ముసలమ్మ వాటిని చూసి ఎవరివో పేరుపేరునా చెప్పింది. మా ఊరి పొలిమేర వచ్చాక చీర కొంగు సర్దుకుంది. నేను ఆ ఊరికి వచ్చి చాలా ఏళ్లయింది. రావాల్సిన పని పడలేదు.

గడిలో ఇప్పుడు ఎవరూ ఉండరు. దర్వాజ కమాను నిలబడే ఉంది, తలుపులు లేవు. రోడ్డు వైపు గోడ ఉంది. దాని ముందు ఎవరో పట్టాలు పరిచి వడ్లు ఆరబోశారు. డప్పులు కొట్టడం ఆపొద్దని ఆమె ముందే చెప్పి ఉంచింది కాబట్టి వాళ్లు ఊపిరి బిగబట్టి కొడుతున్నారు. వడ్లు తిరగేస్తున్న ఇద్దరు ఆడవాళ్లు నిలబడి చూశారు. పెళ్లికొడుకు వెనక సీట్లో సర్దుకుని కూర్చున్నాడు.

"ఇగో, మెల్లగ పోనియ్యి" అన్నది. మెల్లగా పోనిచ్చాను. గోడ మొదలైంది. దర్వాజ వచ్చింది. గోడ అయిపోయింది.

"ఏదీ?" అన్నది.

"ఏంది?"

"గడి."

"దాటినం గద అవ్వా. అదే."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. "ఆపు."

ఆపాను. ఇంజను మాత్రం ఆపలేదు, కాలు ఎక్సిలేటరు మీదే ఉంచాను. ఆమె తలుపు తీసుకుని దిగింది. కొత్త చెప్పులతో గోడ వెంట నడిచింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్లి, దర్వాజ దగ్గర నిలబడి లోపలికి తొంగి చూసి, తిరిగి వచ్చింది. డప్పులవాళ్లు కొడుతూనే ఉన్నారు కానీ వాళ్లకు ఏం కొట్టాలో తెలియడం లేదని అర్థమవుతోంది. ఆమె నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"గిదేనా?"

"ఇదే."

"కూలినంక ఇంతయిందా?"

"లేదు. గోడ ఎత్తు కొంచెం తగ్గింది. పొడుగు అంతే. అప్పుడూ ఇంతే."

"నేను తల దించుకొని పోయిన బిడ్డా. సూడలె. ఎంత ఉంటదో, ఎంత ఉంటదో అని..." మాట అక్కడ ఆపేసి మళ్లీ గోడ వైపు చూసింది. "మీ తాత, మీ నాయిన, మీరందరు గిండ్లనే ఉంటుంటిరా?"

"ఇండ్లనే."

"ఇరుకు గాకుండెనా?"

పిల్లలు ఒక గదిలో అడ్డంగా పడుకునేవాళ్లం. వానాకాలం సగం గదులు కారేవి. చుట్టం వస్తే మా నాన్న అరుగు మీదికి మారేవాడు, గాలి కోసమని చెప్పేవాడు. ఈ సంగతి మా ఇంట్లోవాళ్లం ఎవరమూ బయట ఎన్నడూ చెప్పలేదు.

"అయితుండె" అన్నాను.

"పాపం" అన్నది ఆమె. మనస్ఫూర్తిగానే అన్నది. అటు తిరిగి వెళ్లి, ఎక్కి, తలుపు వేసుకుంది.

మా కుటుంబాన్ని జనం మొక్కారు, తిట్టారు, కోర్టులకు ఈడ్చారు, తర్వాత మరచిపోయారు. వీటన్నిటికీ మా ఇంట్లో తలా ఒక జవాబు ఉండేది, నాకు నేర్పారు కూడా. ఆ మాటకు మాత్రం ఎవరూ ఏమీ నేర్పలేదు.

వెనక నుంచి పెళ్లికొడుకు, "అంకుల్, టైమయితుంది" అన్నాడు.

గేరు వేశాను.